కంచానికీ కంచానికీ మధ్య

ఇంటికో అబ్బాయో అమ్మాయో పైదేశంలో ఉంటున్న రోజులివి. పిల్లల దగ్గరికి బయల్దేరే పెద్దవాళ్ల నోట ఈమధ్య ఒక మాట తరచూ వింటున్నాం. "అమ్మాయి టికెట్లు తీసిందండీ, మెల్‌బోర్న్‌కి. కానీ ఆ విమానంలో భోజనం పెట్టరట." ఆ "పెట్టరట" దగ్గర గొంతు కాస్త దిగుతుంది. వేలకి వేలు పోసి టికెట్టు కొంటే పట్టెడన్నం పెట్టకపోవడమేంటని లోపల చిన్న కినుక. ఆ వెనకే భయం. ఒకరికి షుగరు. ఇంకొకరికి వేళ తప్పితే తలనొప్పి. అన్ని గంటలు ఎలా?

కినుక సంగతి ముందు తేల్చేద్దాం. విమానంలో భోజనం ఊరికే పెట్టాలన్నది మొదటినుంచీ ఉన్న ఆచారమేం కాదు. 1919 అక్టోబరులో లండన్ నుంచి పారిస్ వెళ్లే విమానంలో హ్యాండ్లీ పేజ్ అనే కంపెనీ ప్రయాణికులకి డబ్బాల్లో తిండి అందించింది. విమానంలో తిండికి అదే మొదలని చెప్తారు. ఆ డబ్బా ఖరీదు 3 షిల్లింగులు. అంటే, మొదటి రోజే కొనుక్కుని తిన్నారు. తర్వాత 1977లో ఫ్రెడ్డీ లేకర్ అనే ఆయన లండన్ నుంచి న్యూయార్క్‌కి 59 పౌండ్ల టికెట్టుతో స్కైట్రెయిన్ అనే విమానం నడిపాడు. భోజనం కావాలంటే వేరే డబ్బు. కింద చూస్తే అట్లాంటిక్ సముద్రం, చేతిలో చూస్తే మనం కట్టుకున్న సద్దే. అయినా జనం ఆ టికెట్ల కోసం వరసల్లో నిలబడ్డారు. ఇవాళ్టి చౌక విమానాలు ఆ దారిలో వచ్చినవే. టికెట్టు ధరలోంచి భోజనం ఖర్చు తీసేశారు. ఆ పూట సంగతి మనకి వదిలేశారు.

ఇప్పుడు భయం సంగతి. దానికి నేను చెప్పేది ఒకే ఒక్క లెక్క. విమానం గంటలు లెక్కపెట్టకండి. మీ ఇంట్లో కంచం ముందునుంచి లేచిన దగ్గర మొదలుపెట్టి, అక్కడ పిల్లల ఇంట్లో కంచం ముందు కూర్చునే దాకా లెక్కపెట్టండి. కంచం నుంచి కంచం దాకా. మళ్లీ చెప్తున్నాను. టికెట్టు మీద ఉన్న గంటలు పైలట్‌కి. కంచం నుంచి కంచం దాకా గంటలు మీకు.

ఉదాహరణకి తణుకు నుంచి ఒక భార్యాభర్తలు బయల్దేరారనుకుందాం. విశాఖపట్నంలో విమానం ఎక్కి, సింగపూర్‌లో మారి, మెల్‌బోర్న్ వెళ్లాలి. టికెట్టులో ఏముంది? విశాఖ నుంచి సింగపూర్‌కి సుమారు 4 గంటలు. సింగపూర్ నుంచి మెల్‌బోర్న్‌కి సుమారు 8 గంటలు. మొత్తం 12. సరే, ఇప్పుడు కడుపు లెక్క వేద్దాం. మధ్యాహ్నం ఒంటిగంటకి ఇంట్లో భోంచేశారు. రెండింటికి కారెక్కారు. దారిలో ఆగుతూ వెళ్లేసరికి రాత్రి ఏడున్నర, ఎనిమిది. విమానం పదకొండింటికి. సింగపూర్‌లో దిగేసరికి మన గడియారంలో తెల్లవారుజామున మూడు. అక్కడ 4 గంటలు కూర్చోవాలి. మన ఉదయం ఏడింటికి రెండో విమానం. మెల్‌బోర్న్‌లో దిగేసరికి మన మధ్యాహ్నం మూడు. పాస్‌పోర్టు తనిఖీ, సామాను, కస్టమ్స్. అమ్మాయి కారు. ఇంటికెళ్లి స్నానం చేసి కంచం ముందు కూర్చునేసరికి మన లెక్కలో సాయంత్రం ఆరున్నర. మొత్తం ఎంతయింది? ఇరవై తొమ్మిదిన్నర గంటలు. టికెట్టు చెప్పింది 12. కడుపు చెప్పేది 29. విమానం ఎక్కినవాళ్లు నీరసపడిపోయేది ఈ రెండింటి మధ్య తేడాలోనే.

ఇక్కడ చేతి గడియారం గురించి ఒక మాట. విమానం ఎక్కగానే అక్కడి టైము పెట్టుకోమని చాలామంది చెప్తారు. నిద్ర సంగతికి అది మంచిదే. కడుపుకి మాత్రం ఆ ఒక్క రోజూ మన టైమే ఉంచండి. సింగపూర్ గడియారం మనకన్నా రెండున్నర గంటలు ముందుంటుంది. మెల్‌బోర్న్‌ది నాలుగున్నర, వాళ్ల వేసవిలో ఐదున్నర. ఆ గడియారాలు చూసి తింటే అన్నీ కలగాపులగం అవుతాయి. మీ ఆకలి ఇంకా తణుకులోనే ఉంటుంది.

సరే, ఈ ఇరవై తొమ్మిది గంటల్లో ఏయే పూటలు పడ్డాయో చూడండి. రాత్రి భోజనం ఎనిమిదింటికి. అప్పటికి మీరు విమానాశ్రయం బయటే ఉన్నారు. కట్టుకెళ్లింది అక్కడే కూర్చుని తినేయొచ్చు. పదకొండింటికి విమానం లేచింది. అది నిద్రపోయే వేళ. ఇంట్లో అయితే రాత్రి పన్నెండింటికి లేచి భోంచేస్తామా? చేయం. అంచేత మొదటి విమానంలో తిండి ఊసే లేదు. పొద్దున టిఫిన్ వేళకి సింగపూర్ విమానాశ్రయంలో నేల మీదే ఉన్నారు. అక్కడ శాకాహారం దొరుకుతుంది. ఇక మిగిలింది మధ్యాహ్న భోజనం. అది ఒక్కటే రెండో విమానంలో, గాల్లో పడింది. చూశారా? పన్నెండు గంటలు తిండి లేదని బెంగపడ్డాం. కంచం నుంచి కంచం దాకా లెక్క వేస్తే గాల్లో పడింది ఒక్క పూట. మీ ప్రయాణం వేళలు వేరుగా ఉంటాయి. లెక్క మాత్రం ఇదే. కాగితం మీద వేసుకోండి. ఏ పూట నేల మీద, ఏ పూట గాల్లో?

గాల్లో పడ్డ ఆ ఒక్క పూట కోసం టికెట్టు తీసేటప్పుడే భోజనం చెప్పించుకోండి. అమ్మాయికి ఫోన్ చేసి, "రెండో విమానంలో ఇద్దరికీ చెరో భోజనం పెట్టించమ్మా, శాకాహారం" అని చెప్పండి. పిల్లలు మొహమాటం లేకుండా చేస్తారు. చెప్పకపోతే మర్చిపోతారు. సాధారణంగా బయల్దేరడానికి ఒక రోజో అంతకన్నా ముందో ఆ గడువు ముగుస్తుంది. విమానం ఎక్కాక కొందామనుకుంటే, బండి మన వరస దాకా వచ్చేసరికి శాకాహారం అయిపోయి ఉండొచ్చు. ఇంకో సంగతి. ముందు చెప్పిన భోజనాన్ని చాలాసార్లు విమానం లేచిన గంటా గంటన్నరలోనే తెచ్చి ఇచ్చేస్తారు. ఇంకాసేపాగి ఇవ్వమని అడిగి చూడండి. వీలుకాదంటే గొడవ పడకండి. అలా జరగొచ్చని తెలుసు కాబట్టి, సింగపూర్‌లో టిఫిన్ సగం కడుపుకే తినండి.

ఎక్కాక టీ నీళ్లో, మంచినీళ్లో కొనాలన్నా కార్డు కావాలి. మన దగ్గర కూరగాయల బండి దగ్గర కూడా ఫోన్‌తో కట్టేస్తున్నాం. ఆ అలవాటుని విమానంలో నమ్ముకోవద్దు. నోట్లు తీసుకోని సంస్థలూ ఉన్నాయి. ఇక కార్డు సంగతి. 2020 మార్చి నుంచి రిజర్వు బ్యాంకు నియమం ప్రకారం, కొత్తగా ఇచ్చే కార్డులు మన దేశంలో వాడకానికే తెరిచి ఉంటాయి. విదేశంలో పనిచేయాలంటే మనమే బ్యాంకు యాప్‌లోనో, బ్యాంకుకి వెళ్లో తెరిపించుకోవాలి. ఇది చిన్న పని. ఇంట్లో ఉండగా అయితే ఐదు నిమిషాలు. ముప్పై అయిదు వేల అడుగుల ఎత్తులో అయితే అసలు కాదు. ఖాతాలో డబ్బుండి, కార్డు జేబులో ఉండి, టీ కొనలేకపోవడం ఎంత చిరాకో చెప్పక్కర్లేదు.

ఇక ఇంటి తిండి. మన ప్రాణం అక్కడే ఉంటుంది కదా. ముందు ఒక హెచ్చరిక. కొన్ని చౌక సంస్థలు బయటి తిండి విమానంలో తిననివ్వవు. వాళ్ల వ్యాపారమే తిండి అమ్మడం. ఆ నియమం టికెట్టు షరతుల్లో రాసి ఉంటుంది. అది ముందే చదివించుకోండి. ఒప్పుకోని సంస్థ అయితే ఇంటి తిండి నేల మీద తినండి, గాల్లో కొన్నది తినండి. షుగరు ఉన్నవాళ్లు, పసిపిల్లలున్నవాళ్లు ముందుగా చెబితే సాధారణంగా కాదనరు.

విశాఖలో తనిఖీ దగ్గర కాసేపు నిలబడితే తెలుస్తుంది మనవాళ్ల సద్దిమూటల వైభవం. ఒక పెద్దావిడ సంచిలోంచి స్టీలు డబ్బా తీయించారు. మూత మీద గుడ్డ కట్టి ఉంది. ముడి విప్పితే పెరుగు. గట్టి తోడు, పైన మీగడ తెట్టు. "ఇది వెళ్లదమ్మా" అన్నాడు సిబ్బంది కుర్రాడు. "వొలకదు బాబూ, గట్టిగా తోడుకుంది" అంటుంది ఆవిడ. గట్టిదనం ఆవిడ లెక్క. వాళ్ల లెక్క వేరు. 2006 ఆగస్టులో లండన్‌లో ద్రవాల రూపంలో బాంబులు విమానాల్లోకి తీసుకెళ్లాలన్న కుట్ర బయటపడింది. అప్పటినుంచి విదేశాలకి వెళ్లే విమానాల్లో చేతి సంచిలో ద్రవం డబ్బా ఏదైనా 100 మిల్లీలీటర్లు దాటకూడదన్న నియమం వచ్చింది. పెరుగు, నెయ్యి, సాంబారు, నూనె తేలే ఆవకాయ, అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. పసిపిల్లల పాలకి మాత్రం మినహాయింపు ఉంది. చివరికి ఆ పెద్దావిడ డబ్బా పట్టుకుని పక్కకి వెళ్లి, వెనక వరసలో ఉన్నవాళ్లకి తలో చెంచాడు పెట్టేసి వచ్చింది.

అంచేత తడి తిండి తనిఖీకి ముందు. పొడి తిండి తనిఖీ తర్వాత. ఇది గుర్తుంచుకోండి. తడిది ముందు, పొడిది తర్వాత.

తడి తిండిలో రాత్రి భోజనానికి పులిహోరని మించింది లేదు. వండిన అన్నం వెచ్చగా గంటల తరబడి ఉంటే అందులో సూక్ష్మక్రిములు పెరుగుతాయి. చింతపండు పులుపు వాటిని కొంత అడ్డుకుంటుంది. మన పెద్దవాళ్లు దూర ప్రయాణానికి పులిహోర కట్టడం ఊరికే కాదు. అయితే వేడివేడిగా డబ్బాలో కుక్కకండి. పళ్లెంలో పలచగా పరిచి, నూనె, పసుపు కలిపి, పూర్తిగా చల్లారనివ్వండి. పులుసు నూనె పైకి తేలేదాకా ఉడికించి అప్పుడు కలపండి. మూతకి చెమట పట్టిందంటే అది చల్లారలేదన్నమాట. మధ్యాహ్నం కట్టింది ఆ రాత్రికే తినేయండి. రేపటికి దాచొద్దు.

పులుపుకి ఇంకో సుగుణం ఉంది. జర్మనీలో ఫ్రాన్‌హోఫర్ అనే పరిశోధన సంస్థ, విమానంలో ఉన్నట్టే గాలి పీడనం తగ్గించి మనుషులకి రుచులు చూపించింది. ఉప్పు, తీపి నాలికకి తక్కువగా తెలిశాయి. పులుపు దాదాపు అలాగే తెలిసింది. విమానంలో ఇచ్చే కూర చప్పగా ఉందని వంటవాణ్ణి తిట్టుకుంటాం. అందులో సగం తప్పు మన నాలికదే. కాబట్టి విమానంలోకి పుల్లటిది ఏదైనా ఉంచుకోండి. ఎండు ఉసిరి ముక్కలు బావుంటాయి. ఉప్పు ఎక్కువైన చిరుతిళ్లు వద్దు. చప్పగా అనిపించి ఇంకా ఇంకా తింటాం. తర్వాత దాహం.

పొడి తిండికి మనకి కరువేముంది? మెంతి చపాతీలు, వేయించిన అటుకులు, పల్లీపట్టి, సున్నుండలు. తెలంగాణ వాళ్లకైతే సకినాలు, మలీద ముద్దలు. రెండు రకాలు చాలు. ఒక్కో వేళకి ఒక్కో పొట్లం కట్టి, దాని మీద వేళ రాసేయండి. సాయంత్రం నాలుగు, ఉదయం ఆరు, అలా. ఒకే పెద్ద డబ్బా అయితే మొదటి విమానంలోనే ఖాళీ అవుతుంది. పల్లీల విషయంలో ఒక్క మాట. పక్కవాళ్లకి పల్లీలు పడకపోతే విమానం సిబ్బంది తినొద్దని చెప్తారు. అది వాళ్ల ప్రాణం మీదికి వచ్చే విషయం. వెంటనే లోపల పెట్టేయండి.

కొన్ని అసలు తేవద్దు. చిప్స్ ప్యాకెట్టు విమానంలో బెలూన్‌లా ఉబ్బడం చూసే ఉంటారు. విమానం లోపల గాలి పీడనం ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల కొండ మీద ఉన్నంతే ఉంటుంది. బయటి పీడనం తగ్గితే ప్యాకెట్టులోని గాలి వ్యాకోచిస్తుంది. మన పొట్టలో గాలి కూడా అంతే. పాతిక శాతం నుంచి మూడోవంతు దాకా పెరుగుతుంది. అందుకని ఎక్కే ముందు శనగలు, అలసందలు, ముల్లంగి, సోడా వద్దు. చేగోడీలు, పకోడీలు కూడా వద్దంటాను. నాకూ ఇష్టమే. కానీ ఎనిమిది గంటలు బెల్టు కట్టుకుని కూర్చోవాలి కదా.

నీళ్ల సంగతి తిండికన్నా ముఖ్యం. విమానంలో గాలి బాగా పొడి. తేమ ఇరవై శాతం కన్నా తక్కువే ఉంటుంది. కొన్ని సంస్థల్లో మంచినీళ్లకీ డబ్బే. ఖాళీ సీసా ఒకటి పట్టుకెళ్లి, తనిఖీ దాటాక నింపుకోండి. సింగపూర్‌లో చాలా చోట్ల ఆ తనిఖీ గేటు దగ్గరే జరుగుతుంది. ముందే నింపుకుంటే అక్కడ పారబోయాల్సి వస్తుంది. తనిఖీ దాటాకే నింపండి. గంటకో చిన్న గ్లాసు చొప్పున తాగండి. మన ఆడవాళ్లలో ఒక అలవాటుంది. బాత్రూముకి లేవాల్సి వస్తుందని నీళ్లు మానేస్తారు. కిటికీ సీటు, పక్కన ఇద్దరు కొత్తవాళ్లు, వాళ్లని లేపాలంటే మొహమాటం. టికెట్టు తీసేటప్పుడే నడవ పక్క సీటు అడగండి. లేవడం మంచిది కూడాను. 4 గంటలు, అంతకన్నా ఎక్కువ కదలకుండా కూర్చునే ప్రయాణాల్లో కాళ్లలో రక్తం గడ్డకట్టే అవకాశం రెట్టింపు అవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో చెప్పింది. భయపడకండి. రెట్టింపయినా సుమారు 6,000 మందిలో ఒకరికి వచ్చేదే. నీళ్లు తాగితే ఎలాగూ లేస్తారు. లేస్తే కాళ్లు కదులుతాయి.

ఇప్పుడు షుగరు ఉన్నవాళ్లు కాస్త చెవి ఇటు పెట్టండి. కంచం నుంచి కంచం దాకా లెక్క అందరికన్నా ఎక్కువ అవసరం మీకే. ఆ లెక్క కాగితం పట్టుకుని ప్రయాణానికి ముందే మీ డాక్టరు దగ్గరికి వెళ్లండి. తూర్పు వైపు వెళ్తే ఆ రోజు పొట్టిదవుతుంది. బిళ్లలైనా, ఇన్సులిన్ అయినా ఏది ఎప్పుడన్నది ఆయన కాగితం మీదే రాసిస్తారు. తిండికి ముందు వేసుకునే బిళ్ల ఉంటే, తిండి చేతిలోకి వచ్చాకే వేసుకోండి. బండి వస్తోంది కదా అని ముందే మింగొద్దు. కుదుపులొస్తే బండి మధ్యలో ఆగిపోతుంది. అరగంట ఆగొచ్చు, గంట ఆగొచ్చు. బిళ్ల మాత్రం ఆగదు. చెమటలు పట్టి, చేతులు వణికి, కళ్లు తిరిగితే వెంటనే మూడు నాలుగు చెంచాల చక్కెరో, గ్లూకోజో నోట్లో వేసుకుని నీళ్లు తాగండి. పావుగంట తర్వాత తగ్గకపోతే మళ్లీ అంతే. ఆ పొట్లం జేబులో ఉండాలి. తల మీద అరలో కాదు. ఇన్సులిన్ పెద్ద పెట్టెలో వేయకండి. కింద సామాను అరలో చలికి గడ్డకట్టి పాడైపోవచ్చు. మందులన్నీ డాక్టరు చీటీతో సహా చేతి సంచిలోనే.

ఆలస్యానికి కూడా ఒక పొట్లం అదనంగా కట్టండి. దాని మీద వేళ రాయొద్దు. విమానం అనుకున్న వేళకి కదిలితే అది చివరిదాకా అలాగే ఉంటుంది.

అలా మిగిలినదాన్ని మాత్రం చూసీచూడనట్టు మెల్‌బోర్న్ గడప దాటించొద్దు. ఆస్ట్రేలియా వాళ్లు బయటి తిండి విషయంలో చాలా గట్టివాళ్లు. వాళ్ల పొలాలకీ, పశువులకీ బయటి రోగాలు రాకూడదని. పళ్లు, పచ్చి కరివేపాకు, విత్తనాలు, కోవా, రసగుల్లా లాంటి పాల మిఠాయిలు తీసుకెళ్లకూడదు. దిగేముందు ఒక కార్డు నింపిస్తారు. అందులో తిండి ఏమైనా తెచ్చారా అని అడుగుతారు. ఆ ప్రశ్న ఎక్కడుంటుందో ఇంట్లో ఉండగానే పిల్లలతో ఫోన్‌లో చూపించుకోండి. పొట్లంలో రెండు సున్నుండలే మిగిలినా "అవును" దగ్గర గుర్తు పెట్టండి. చెప్పినందుకు జరిమానా ఉండదు. దాచినందుకు వేల డాలర్ల దాకా ఉండొచ్చు. కౌంటరు దగ్గర పొట్లం విప్పి చూపించండి. ఉంచుకోమంటే ఉంచుకోండి, పారేయమంటే అక్కడున్న డబ్బాలో పారేసి బయటికి నడవండి. అమ్మాయి బయటే ఉంటుంది.